పడిన చోటు, తేలిన చోటు

మీ ఊరి కాలువ రేవులోకి పొద్దున్నే ఒక శవం కొట్టుకొచ్చి మెట్లకు ఆనుకుని ఆగితే మీరేం చేస్తారు?

పోలీసులకు ఫోన్ చేస్తానని వెంటనే అనకండి. గోదావరి డెల్టాలో ఈ ప్రశ్న చాలామందిని అడిగాను. అందరూ ముందు ఆ జవాబే చెప్పారు. ఆ తర్వాత కాఫీ గ్లాసు చేతికిస్తూనో, నన్ను ఆటో ఎక్కించడానికి రోడ్డు దాకా వచ్చినప్పుడో గొంతు తగ్గించి రెండో జవాబు చెప్పారు. నేను రాస్తున్నది ఆ రెండో జవాబు గురించి.

నా ఉద్యోగం పత్రికల్లో. ఒక ప్రమాదం జరిగితే ఆ వార్త రాసే విలేకరి వేరు. అలాంటి ప్రమాదాలు ఏ చోట ఎక్కువ జరుగుతున్నాయి, ఎందుకు జరుగుతున్నాయి, ఆపగలిగీ ఆపనిది ఎవరు అని కాగితాలు తెప్పించి లెక్క తేల్చేది నేను. దీన్నిప్పుడు డేటా జర్నలిజం అంటున్నారు. మొదట రాజమండ్రిలో ఒక పత్రికాఫీసులో కూర్చుని చేసేదాన్ని. ఇప్పుడు ఒక వెబ్‌సైటు కోసం ఇంట్లోనే భోజనాల బల్ల మీద చేస్తున్నాను. సమాచార హక్కు కింద దరఖాస్తు పెడతాను. నెలలు గడిచాక జిరాక్సు కాగితాల కట్ట వస్తుంది. సగం పేజీలు వంకరగా ఉంటాయి, కొన్ని తలకిందులుగా ఉంటాయి. వాటిని ఒక్కో వరుసగా కంప్యూటర్లోకి ఎక్కిస్తాను.

ఇలా కొన్నేళ్ళు గడిచాక బాధ కలగడం ఆగిపోతుంది. కొత్తగా చేరిన పిల్లలు దాన్ని గుండె ధైర్యం అనుకుంటారు. అది కాలు తిమ్మిరెక్కడం లాంటిది. కాలు ఉంటుంది, నడుస్తాం కూడా, నేల మాత్రం తగలదు.

కాలువ చావుల కాగితాలు ఎక్కిస్తున్న రోజుల్లో ఒక ఉదయం మా అమ్మ ఇడ్లీ పళ్ళెం తెచ్చి పక్కన పెట్టి తెర మీదకు వంగింది.

“ఏంటే అది?”

“కాలవలో పోయినవాళ్ళమ్మా.”

“ఎవరు?”

“తెలీదు. ఎర్ర గళ్ళ లుంగీ. కుడి చేతి మీద పచ్చబొట్టు.”

“అది చూస్తూ ఇడ్లీ ఎలా దిగుతోందే నీకు?”

“చట్నీలో ఉప్పు తక్కువైందమ్మా.”

అమ్మ లోపలికెళ్ళి ఉప్పు డబ్బా తెచ్చి పెట్టింది.

ఆ కాగితాలు నా అంతట నేను తెప్పించినవి కావు. కడియం నర్సరీల్లో లారీలకు మొక్కలు ఎక్కించే కూలీల గురించి ఏదో రాయడానికి వెళ్ళినప్పుడు, కవర్లలో మట్టి నింపుతున్న ఒకావిడ లేచి, చేతులు చీరకు తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చింది.

“లెక్కలు రాసే మేడమ్ గారు మీరేనంట కదండీ?”

“అవునండి.”

“మా ఆయన చచ్చిపోలేదంటున్నారండి ఆఫీసులో. ఆ లెక్క కూడా కాస్త చూడండి మరి.”

పక్కనున్న ఆడవాళ్ళు నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

ఆవిడ భర్త కూడా ఆ నర్సరీలోనే పనిచేసేవాడు. సాయంత్రం పని దిగి మోపెడ్ మీద కాలువ గట్టు రోడ్డున ఇంటికి వస్తుండగా, గట్టు వంపు తిరిగే చోట ఎదురుగా మొక్కల లారీ వచ్చింది. అతను పక్కకు తీశాడు. పక్కన రోడ్డు లేదు, నిండా పారుతున్న కాలువ ఉంది. అక్కడ గోడా లేదు, కనీసం సున్నం కొట్టిన రాయి కూడా లేదు. లారీ ఆగలేదు. గట్టు మీద చక్రాల జాడ చూసి మర్నాడంతా వెతికారు. ఆ తర్వాతి రోజు శవం చాలా దిగువన, లాకు తలుపుల దగ్గర దొరికింది. కాలువలో నీటిమట్టాన్ని నిలబెట్టడానికి అడ్డంగా తలుపులు కట్టిన చోటును మా వైపు లాకు అంటారు. పైనుంచి కొట్టుకొచ్చింది ఏదైనా అక్కడ ఆగాల్సిందే.

ఆవిడ అడిగేది ఒక్కటే. ఆ వంపు దగ్గర గోడ కట్టాలి. కాలువల ఆఫీసుకు వెళ్ళి అర్జీ ఇచ్చింది. వాళ్ళు రికార్డు తిరగేసి, ఆ వంపు దగ్గర ఇంతవరకు ఎవరూ చనిపోలేదమ్మా అన్నారు.

“లాకు కాడ చచ్చిపోయాడంటండి. లాకు కాడికి ఆయనెందుకెళ్తాడండీ, ఇల్లు ఇటుంటే? ఇప్పుడా బండి మీదే మా పిల్ల రోజూ కాలేజీకెళ్తందండి. అదే రోడ్డండి. అది వచ్చేదాకా గట్టు మీదే నిలబడుంటానండి నేను.”

కాలేజీ మానిపించండనో, బస్సులో పంపండనో సలహా చెప్పే రకాన్ని కాదు నేను. చదువుకునే పిల్లకు ఊరి రోడ్డు మీద ప్రాణభయం ఉండకూడదు. అది ఎవరో చేసే దయ కాదు, మనం కట్టే పన్నుకు రావలసిన కనీసపు పని. ఆ మాటే ఆవిడతో అన్నాను.

“మరి కట్టించండి” అంది ఆవిడ.

కాలువ పొడవునా ఉన్న పోలీస్ స్టేషన్లన్నిటికీ దరఖాస్తులు పెట్టాను. కాగితాలు వచ్చాయి. పేరు తెలిస్తే పేరు, తెలియకపోతే ఒంటి మీది బట్టలు, శవం ఎక్కడ దొరికింది, పంచనామా ఎవరు చేశారు. అన్నీ ఎక్కించి, దొరికిన చోట్లను మ్యాపు మీద ఎర్ర చుక్కలుగా పెట్టాను. ధవళేశ్వరం నుంచి రామచంద్రపురం వైపు వెళ్ళే ఆ కాలువ మీద చుక్కలన్నీ ఒక్కచోటే కుప్పపడ్డాయి. లాకు దగ్గర. వంపు దగ్గర ఒక్క చుక్క కూడా లేదు.

ఇక్కడ ఇంకో విషయం చెప్పాలి. లాకు ఉన్న ఊళ్ళో ఆ చోటు మనుషులను లాగుతుందని నమ్మకం. ఎప్పుడో కాలువలో దూకిన ఒక ఆడమనిషి ఇంకా అక్కడే ఉందనీ, తోడు కోసం పిలుస్తోందనీ చెప్పుకుంటారు. ఊరంతా కలిసి శాంతి చేయించారు. లాకు గోడకు పసుపు రాసి కుంకుమ పెట్టారు. కాలువల శాఖ వాళ్ళు తమ వంతుగా అక్కడే ఇనుప రైలింగు వేసి, ప్రమాద ప్రాంతం అని బోర్డు కూడా పెట్టారు. పూజారి, ఇంజనీరు, నా మ్యాపు, ముగ్గురం ఒకే మాట చెబుతున్నాం.

ఆ రోజు తెర ముందు ఎంతసేపు కూర్చున్నానో గుర్తులేదు. దెయ్యం తరఫున సాక్ష్యం చెప్పే మ్యాపు నా చేతులతోనే తయారైందన్నమాట. కోపం రావాలి. రాలేదు.

మా నాన్నగారు బడిపంతులు. శనివారం సాయంత్రాలు మా ఇంటి అరుగు మీద వాదనలు పెట్టేవారు. దేవుడు, దెయ్యం, జాతకం, కులం, వితంతు వివాహం, ఏదైనా సరే. ఆయన నియమం ఒకటుండేది. మధ్యలో చప్పట్లు కొట్టగానే పక్షాలు మారాలి. అప్పటిదాకా దెయ్యం లేదన్నవాడు ఉందని వాదించాలి, అదీ అవతలివాడికంటే గట్టిగా. ఎదుటివాడి వాదనను వాడికంటే బాగా చెప్పలేనివాడికి దాన్ని కొట్టేసే హక్కు లేదనేవారు. మా అమ్మ తమ్ముడు, మా మావయ్య, ఆ వాదనలకు ఊరి నుంచి సైకిల్ మీద వచ్చేవాడు. దెయ్యం తరఫు మాట్లాడమంటే ఆయనకు మహా సరదా. జనం కడుపుబ్బా నవ్వేవారు.

అందుకని నేను దెయ్యం పక్షం తీసుకున్నాను. సరే, ఉంది. లాకు దగ్గర కూర్చుని మనుషులను లాగుతోంది. అయితే ఎవరిని లాగుతోంది? పేర్లు తెలిసినవాళ్ళ ఊళ్ళు చూశాను. అందరూ ఎగువ ఊళ్ళవాళ్ళు. లాకు ఊరి పిల్లలు నీళ్ళుండని వేసవి తప్ప ఏడాదంతా ఆ లాకు మీద నుంచే కాలువలోకి దూకి ఈత కొడతారు. వాళ్ళలో ఒక్కరూ లేరు. దెయ్యానికి సొంత ఊరిమీద అంత అభిమానమా? పోనీ అభిమానమే అనుకుందాం. ఎగువ ఊరి మనిషి, ఇల్లూ పొలమూ పనీ అన్నీ ఎగువనే ఉన్నవాడు, అంత దూరం వచ్చి మరీ ఎందుకు పడుతున్నాడు?

పడటం లేదు. తేలుతున్నాడు. పోలీసు కాగితంలో ఉన్నది తేలిన చోటు. ఆఫీసు దాన్ని చచ్చిన చోటు అని చదువుకుంది. నీళ్ళలో పడ్డ మనిషి దిగువకు కొట్టుకొస్తాడని ఇంజనీరుకు తెలియదా? తెలుసు. కానీ కాగితం మీద ముద్ర ఉంది. దెయ్యాన్ని నమ్మేవాళ్ళతో జీవితమంతా పోట్లాడాను. కాగితాన్ని నమ్మేవాళ్ళతో పోట్లాట అంతకంటే కష్టం, ఎందుకంటే వాళ్ళు తాము చదువుకున్నవాళ్ళమనుకుంటారు.

అయినా ఒక ముడి మిగిలింది. వంపుకూ లాకుకూ మధ్య ఎన్నో ఊళ్ళు, ఎన్నో రేవులు ఉన్నాయి. వంతెన స్తంభాలున్నాయి, నీటి కలుపు గుర్రపుడెక్క అల్లుకుని గడ్డకట్టిన చోట్లున్నాయి. దారిలో ఏ శవమూ ఎక్కడా ఎందుకు ఆగడం లేదు? ఒకటో రెండో అయినా మధ్యలో దొరకాలి కదా?

గట్టు వెంట నడిచి చూశాను. బట్టలుతికే ఆడవాళ్ళు, గేదెలు కడిగే మగవాళ్ళు. ప్రతి రేవులోనూ ఒక పొడుగాటి వెదురు గెడ గోడకు ఆనించి ఉంది. పడవ నడిపేవాళ్ళు నేలకు ఆనించి తోసే గెడ. ఆ కాలువలో పడవలు తిరగడం మానేసి చాలా ఏళ్ళయింది. ఎందుకని అడిగితే, “గుర్రపుడెక్క తొయ్యడానికండి” అన్నారు. నిజమే. ఒకాయన నా ముందే తోసి చూపించాడు కూడా.

మావయ్యది ఆ కాలువ మీది ఊరే, వంపుకు దిగువన మొదటి ఊరు. వరి, కొబ్బరి. ఒకప్పుడు ఊరికి ప్రెసిడెంటుగా కూడా చేశాడు. ఆ రోజు మధ్యాహ్నం వాళ్ళింట్లోనే భోజనం. అత్తయ్య ములక్కాడ టమాటా కూర వడ్డిస్తోంది. లాకు దెయ్యం సంగతి చెప్పాను, మావయ్యకు సరదాగా ఉంటుందని.

మావయ్య పెద్దగా నవ్వాడు. “దెయ్యమా పాడా! మేం తోత్తేనే కదే అక్కడికెళ్ళేది.”

“అన్నాల దగ్గర ఆ మాటలేంటండీ?” అంది అత్తయ్య.

“ఉన్న మాటే కదా. ఊళ్ళోవాళ్ళందరికీ తెల్సిందే.” నా వైపు తిరిగాడు. “చూడమ్మా, మన రేవులో ఆగిందనుకో. పోలీసులొత్తారు. పంచనామా మీద మనవాళ్ళే సంతకాలెట్టాలి. కోర్టుకు పిలిత్తే మనవాళ్ళే తిరగాలి. వాళ్ళ తాలూకు జనం దొరికేదాకా కాపలా ఎవరు? మనమే. ఈలోపు మంచినీళ్ళ చెరువుకి నీళ్ళెట్టుకోడం మానాలి. నాట్లాగిపోతాయి. అందుకని గెడతో అలా మధ్యకి అంటే, నీళ్ళే పట్టుకుపోతాయి. కింద ఊరోళ్ళు వాళ్ళ తిప్పలు వాళ్ళు పడతారు.”

“కింద ఊరివాళ్ళేం చేస్తారు?”

“వాళ్ళకి గెడ లేదా ఏంటి?”

మళ్ళీ నవ్వాడు. నేనూ నవ్వినట్టు గుర్తు.

“లాకు కాడ తలుపులుంటాయి కదా, తొయ్యడానికి లేదు. పాపం వాళ్ళకి తప్పదు” అన్నాడు. తర్వాత కూర కలుపుకుంటూ, అడగకుండానే, “మొన్నామధ్య కూడా ఒకడొచ్చాడు. నీలం చొక్కా. వీపు మీద నర్సరీ పేరుంది. నారు పోసిన ఆకుమళ్ళు తడుపుకునే రోజులు. చిన్నవాడే పాపం” అన్నాడు.

వీపు మీద నర్సరీ పేరున్న నీలం చొక్కా నా కంప్యూటర్లో ఒక వరుస. ఆ వరుస ఎవరిదో నాకు తెలుసు. అన్నం కలుపుతున్న నా చెయ్యి ఆగలేదు. అది బాగా గుర్తుంది.

“తోసింది నువ్వేనా మావయ్యా?”

“నేనెందుకు తోత్తానే? మా పాలేరు.”

“తొయ్యమన్నదెవరు?”

అత్తయ్య మజ్జిగ పోసింది. మావయ్య పళ్ళెంలోకి చూస్తూ మజ్జిగన్నం తిన్నాడు. చేతులు కడుక్కుని వచ్చాక అన్నాడు, “అమ్మాయ్, నా పేరు ఎక్కడా రాకూడదు సుమా.” ఆయన ఒప్పుకోకుండా పేరు రాయనని మాటిచ్చాను.

ఆ సాయంత్రమే నర్సరీకి వెళ్ళి ఆవిడను కలిశాను. మావయ్య పేరు చెప్పకుండా, గెడల సంగతి చెప్పాను. ఏడుస్తుందేమో అనుకున్నాను. మట్టి కవర్ల వరుస పక్కన గొంతుకూర్చుని చాలాసేపు నేల మీద పుల్లతో గీతలు గీసింది.

“మేమూ తక్కువ తిన్లేదండి” అంది చివరికి. “మా ఆయన పడ్డ మర్నాడు వంపు కాడ గజీతగాళ్ళు దిగితే బండి దొరికిందండి. మా మరిది గబగబా తీయించి ఇంటికి పట్టుకొచ్చేశాడు. బండి కాలవలో దొరికిందని తెలిత్తే స్టేషన్లో పెట్టేసుకుంటారు, తుప్పట్టిపోద్ది, మళ్ళీ మన చేతికి రాదన్నాడు. ఉన్న ఒక్క బండండి. నేనూ సరేనన్నాను. పోలీసులడిగితే బండి ఇంట్లోనే ఉందని చెప్పి సంతకం కూడా పెట్టామండి. ఇప్పుడు మాట మారిత్తే ఎవరు నమ్ముతారండీ?”

అంటే ఆ మనిషి ఎక్కడ పడ్డాడో చెప్పడానికి రుజువుగా నిలిచేవి రెండే. ఒకటి శవం. దాన్ని ఊళ్ళు తోసేశాయి. రెండోది బండి. దాన్ని ఇంటివాళ్ళే దాచేశారు. ఎవరూ దుర్మార్గం అనుకుని చేయలేదు. ఒకరికి నాట్లు, ఒకరికి బండి. అందరూ తలా కాస్త తెలివిగా ఉన్నారు. ఆ తెలివంతా కలిపితే వంపు దగ్గర ఎవరూ చావలేదన్న రికార్డు తయారైంది.

వ్యాసం రాశాను. పోయినవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, చివరిసారి ఎక్కడ కనబడ్డారో, ఏ దారిన వస్తున్నారో అడిగి, ఆ చోట్లతో రెండో మ్యాపు గీశాను. ఈసారి చుక్కలు లాకును వదిలేసి ఎగువకు వెళ్ళిపోయాయి. ఎక్కువ వంపు దగ్గరే పడ్డాయి. గెడల గురించి కూడా రాశాను, ఊళ్ళ పేర్లు లేకుండా. జనం చదివారు, ఫోన్లలో ఒకరికొకరు పంపుకున్నారు. లాకు ఊరివాళ్ళు తమ దెయ్యాన్ని అవమానించానని తిట్టారు. వేసవిలో కాలువలకు నీళ్ళు కట్టేశాక, కాలువల శాఖ అసిస్టెంట్ ఇంజనీరు, ఏఈ గారు, వంపు చూడటానికి వస్తున్నానని కబురు చేశారు. అక్కడ ఏ పని జరగాలన్నా నీళ్ళు లేని ఆ వేసవి రోజుల్లోనే జరగాలి. మళ్ళీ నీళ్ళు వదిలితే ఇంకో ఏడాది ఆగాలి.

ఆ ఉదయం వంపు దగ్గర చుట్టుపక్కల ఊళ్ళ జనం బాగానే చేరారు. మావయ్య కూడా వచ్చాడు, తెల్ల చొక్కాతో, చేతికర్ర పట్టుకుని. ఎండిన కాలువ అడుగున బురద పెళ్ళలు కట్టి పగిలింది. ఆ పెళ్ళల మధ్య ఒక బండి అద్దం, తెగిన చెప్పులు, హెల్మెట్ ముక్క, లంచ్ బాక్సు మూత. ఆవిడ కిందకు దిగి ఒక్కొక్కటీ ఏరి గట్టు మీద పెట్టింది.

ఏఈ గారు కుర్రవాడు, మర్యాదస్తుడు. “చెప్పులు ఎక్కణ్ణించైనా కొట్టుకొస్తాయమ్మా” అన్నాడు.

“అద్దం ఎక్కణ్ణించి కొట్టుకొత్తాదండీ? దానికేమన్నా ఈతొచ్చా?” అంది ఆవిడ.

జనంలో నవ్వులు. ఏఈ గారు కూడా నవ్వి, నా వైపు తిరిగాడు. “మేడమ్, నాకూ గోడ కట్టాలనే ఉందండి. ఎస్టిమేట్ రాసేశాను కూడా. కాని ఇక్కడ ప్రమాదాలు జరిగాయని ఏదో ఒక కాగితం జత చెయ్యకపోతే పైన ఒప్పుకోరు. మీ మ్యాపు బాగుందండి, కాని అది విన్న మాటే కదా. చూసినవాళ్ళు ఒక్కరు చాలు. ఫలానా రోజు పొద్దున మా రేవులో శవం చూశాను అని ఒక్క ముక్క రాసి సంతకం పెడితే, మనిషి ఆ పైనే పడ్డాడని నేను రాసుకుంటాను. తర్వాత అదెటెళ్ళిందో నేనడగను.”

జనం వైపు తిరిగి గట్టిగా అడిగాడు, “ఎవరైనా చూశారా అండి?”

వెనకనుంచి ఒకతను అన్నాడు, “మా రేవులో ఇంతవరకు చీమ కూడా చావలేదండి, ఆయ్!”

“చీమ చావకపోతే గెడలెందుకండీ మీ రేవుల్లో?” అంది ఆవిడ. “పడవలేమన్నా నడుపుతున్నారా?”

ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఏఈ గారి చూపు మావయ్య మీద పడింది. “పెద్దవారు, ప్రెసిడెంటుగా చేశారంట. మీరేమన్నా చూశారా అండి?”

మావయ్య కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నాడు. నా వైపు చూశాడు. మా అరుగు మీద దెయ్యం తరఫున గంటల తరబడి వాదించిన మనిషి. ఎదుటివాడి నోరు మూయించే మాట ఎప్పుడూ సిద్ధంగా ఉండే మనిషి.

“నేను పొద్దున్నే పొలం వెళ్ళిపోతానండి” అన్నాడు.

అప్పుడే ఆ పిల్ల కాలేజీకి బయలుదేరి వచ్చింది, వాళ్ళ నాన్న మోపెడ్ మీద. మేమంతా, ఏఈ గారి జీపూ కలిసి రోడ్డంతా ఆక్రమించేశాం. పిల్ల హారన్ కొట్టింది. జనం పొలాల వైపుకు జరిగారు, కాబట్టి ఆమెకు మిగిలింది కాలువ అంచు. ముందు చక్రం మట్టిలో కాస్త జారింది. అందరికంటే ముందు కదిలింది మావయ్య. చేతికర్ర పడేసి, రెండు చేతులతో బండి వెనక క్యారియర్ పట్టుకుని, పిల్ల జీపు దాటేదాకా అలాగే పట్టుకుని నడిచాడు. దాటాక వదిలాడు. పిల్ల వెనక్కి తిరిగి, “థాంక్సండీ తాతయ్యగారూ” అని వెళ్ళిపోయింది.

మావయ్య కర్ర తీసుకుని ఇంటి దారి పట్టాడు. తిమ్మిరెక్కిన కాలు దిగేటప్పుడు సూదులు గుచ్చినట్టు ఉంటుంది. అలాంటిదేదో ఒక్క క్షణం అనిపించింది. తర్వాత అదీ పోయింది.

ఏఈ గారు ఎస్టిమేట్ ఫైల్లోనే పెట్టుకున్నారు. కాలువలకు నీళ్ళు వదిలేశారు. వంపు దగ్గర గోడ లేదు. నర్సరీ నుంచి ఆవిడ ఫోన్ చేసినప్పుడల్లా, “ఎవరైనా చెప్పారాండీ?” అని అడుగుతుంది. లేదంటాను. “సరేనండి” అని పెట్టేస్తుంది. సాయంత్రాలు గట్టు మీద నిలబడటం మానలేదు.

ఈ సంగతులన్నీ రాస్తానని చెప్పినప్పుడు మావయ్య ఫోన్‌లో అన్నాడు, “రాసుకో అమ్మా. పేరొద్దు.” అందుకే ఇందులో ఎవరి పేరూ లేదు. ఆయనకిచ్చిన మాట నేను తప్పను. ఆయన నోరు తెరిస్తే ఆ మాటతో పని ఉండదు. ఒక్క మావయ్యనే అనడం న్యాయం కాదు. ఆ కాలువ మీద రేవున్న ప్రతి ఊళ్ళోనూ చూసినవాళ్ళున్నారు. అన్నం దగ్గర చెప్పుకుని నవ్వుకున్నవాళ్ళున్నారు. చప్పట్లు కొట్టి పక్షం మార్చమని చెప్పడానికి మా నాన్నగారు లేరు. నేను చెబుతున్నాను.

పక్షం మారండి. ఒక్కసారి ఆ పిల్ల పక్షాన నిలబడి ఆలోచించండి. మీ మీద కేసు పెడతారని భయమా? మిమ్మల్ని అడుగుతున్నది ఎటు తోశారని కాదు, ఎక్కడ చూశారని మాత్రమే. ఫలానా రోజు, ఫలానా రేవు, ఇలాంటి బట్టలు, అంతవరకు రాయండి. వచ్చే వేసవికి కాలువ కట్టేసేలోపు ఆ కాగితం ఫైల్లో ఉండాలి. మీ రేవులో గోడకు ఆనించిన గెడను రేపు పొద్దున చూసినప్పుడు ఇంటికి తిరిగి వెళ్ళకండి. తిన్నగా కాలువల ఆఫీసుకు వెళ్ళండి. మీరు చూసింది చెప్పి, కింద మీ పేరు రాసి, సంతకం పెట్టండి.